టమాటా పాస్తా సాసు, చైనా వంటకాలు: పోషక విలువల పోలిక

పాస్తాలో కలుపుకునే టమాటా సాసు పూర్తి వంటకం కాదు, వంటకంలో ఒక పాలు మాత్రమే. చైనా భోజనమంటే సుమారు 140 కోట్ల మంది తినే తిండి. రాష్ట్రానికో రుచి, ఊరికో పద్ధతి. ఈ రెండింటినీ ఒకే తక్కెడలో వేయడం గిన్నెడు చారును పెళ్లి విందుతో తూచడం లాంటిదే. అయినా ఈ పోలిక పోషకాహార చర్చల్లో పదే పదే వస్తుంటుంది. అమెరికాలోనో బ్రిటన్‌లోనో పొద్దుపోయి ఇల్లు చేరినవారికి వంట భారం తప్పించే సులువైన దారుల్లో ఇవి రెండూ ఉంటాయి: సీసా మూత తీసి ఉడికిన పాస్తాలో సాసు కలుపుకోవడం, లేదా చైనీస్ హోటల్ నుంచి పార్సెల్ తెప్పించుకోవడం. వాటిలో ఏది మేలన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఉప్పు, నూనె, తినే పరిమాణం చెబుతాయి. కూరగాయల గుణం ఆ తర్వాతి సంగతి.

టమాటా సాసు

టమాటా పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ ప్రాంతం. సాగులోకి తెచ్చింది మెక్సికో వాసులు. పేరు కూడా వారి నావాట్ల్ భాషలోని 'తొమాట్ల్' నుంచే వచ్చింది. 16వ శతాబ్దంలో స్పెయిన్‌వారి ఓడల్లో ఐరోపా చేరినా, ఇటలీవారు దాన్ని వెంటనే నోట పెట్టుకోలేదు. నేపుల్స్‌లో పనిచేసిన ఆంటోనియో లాటీని 1690లలో అచ్చువేసిన వంటల పుస్తకంలో 'స్పెయిన్ పద్ధతి' టమాటా సాసు కనిపిస్తుంది, అయితే అందులో పాస్తా ప్రసక్తి లేదు. టమాటాతో సేమ్యా వంటి పాస్తాను కలిపే పద్ధతిని ఇప్పోలితో కవల్కాంతి 1839లో వెలువరించిన పుస్తకంలో చూస్తాం. ఇటలీకి జాతీయ చిహ్నంలా కనబడే ఈ జోడీ వయసు నిజానికి రెండు వందల ఏళ్లకు కాస్త అటూ ఇటూ.

పచ్చి టమాటాలో 94 శాతానికి పైగా నీరే. 100 గ్రాములకు 18 కిలోకేలరీలు, 14 మిల్లీగ్రాముల వరకు సి విటమిన్, 237 మిల్లీగ్రాముల పొటాషియం, ఒక గ్రాముకు కొంచెం పైగా పీచు ఉంటాయి. దాన్ని ఉల్లి, వెల్లుల్లి, ఆలివ్ నూనెలతో మగ్గబెట్టి చిక్కబరిచి సీసాకెక్కిస్తే 100 గ్రాముల సాసులో 50 కిలోకేలరీలు, 5 గ్రాములకు పైగా చక్కెర, 300 మిల్లీగ్రాములకు మించిన పొటాషియం, 400 మిల్లీగ్రాములకు అటూ ఇటూగా సోడియం తేలతాయి. మాంసకృత్తులు ఒకటిన్నర గ్రాములే. ఆ చక్కెరలో ఎక్కువ భాగం పండులోనిదే. కొన్ని సీసాల్లో పులుపు విరగడానికి విడిగా కూడా వేస్తారు. ఇలా కలిపిన చక్కెరను చీటీ మీద వేరుగా చూపాలన్న నియమం అమెరికాలో 2016లో వచ్చింది. అంతకుముందు పండు చక్కెరనూ పంచదారనూ విడదీసి చూడటానికి కొనేవాడికి దారి ఉండేది కాదు.

సాసుకు ప్రత్యేకత తెచ్చేది లైకోపీన్. టమాటాకు ఆ ఎరుపునిచ్చే రంగు పదార్థమిదే. క్యారెట్‌లోని బీటా కెరోటిన్‌కు చుట్టమే గానీ శరీరంలో ఎ విటమిన్‌గా మారదు. పచ్చి పండులో 100 గ్రాములకు రెండున్నర మిల్లీగ్రాములుంటే, నీరు ఇంకిన సాసులో 12 నుంచి 16 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. పెరిగింది మోతాదు ఒక్కటే కాదు. పచ్చి టమాటాలో ఈ పదార్థం కణాల గోడల చాటున గట్టి స్ఫటికాలుగా చిక్కుబడి ఉంటుంది. వేడికి ఆ గోడలు విరుగుతాయి. అణువు ఆకారం కూడా కొంత వంపు తిరిగి పేగు పీల్చుకోవడానికి వీలవుతుంది. పైగా అది కొవ్వులో కరిగేది కనుక నూనె తోడుంటేనే ఒంటికి పడుతుంది. జర్మనీ పరిశోధకులు 1992లో నూనెతో కాచిన టమాటా రసం మీదా, 1997లో టమాటా ముద్ద మీదా చేసిన ప్రయోగాలు ఈ సంగతిని తేల్చాయి. ఆలివ్ నూనెలో గంటసేపు ఉడికే సాసుకు వర్తించే ఈ సూత్రమే మన ఇళ్లలో నూనెలో మగ్గిన టమాటా పచ్చడికీ వర్తిస్తుంది. మదనపల్లె మార్కెట్ నుంచి వచ్చిన కాయకు ఇటలీ సాన్ మర్జానో కాయ కంటే ఈ విషయంలో వచ్చే లోటేమీ లేదు.

ఈ లాభానికి ఖరీదు సి విటమిన్. ఎంత ఎక్కువసేపు మరిగితే అది అంత హరిస్తుంది. సీసా సాసులో మిగిలేది స్వల్పమే.

లైకోపీన్ కీర్తి అసలు స్థాయిని మించి పెరిగిన మాట కూడా చెప్పుకోవాలి. వారానికి చాలాసార్లు టమాటా వంటకాలు, ముఖ్యంగా సాసు, తిన్న పురుషుల్లో ప్రొస్టేట్ క్యాన్సర్ తక్కువగా కనిపించిందని హార్వర్డ్ పరిశోధకులు 1995లో ప్రకటించాక మాత్రలు, క్యాప్సూళ్లు బజారుకెక్కాయి. అది తిండి అలవాట్లను గమనించి రాసుకున్న అధ్యయనం. కార్యకారణాన్ని రుజువు చేసినది కాదు. సీసాల మీద క్యాన్సర్ నివారణ మాట వేసుకోనివ్వమన్న వినతులను పరిశీలించిన అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2005లో, లైకోపీన్ విషయంలో నమ్మదగిన ఆధారమేదీ లేదనీ, టమాటా విషయంలో ఉన్నది అతి స్వల్పమనీ తేల్చింది. సాసు మంచి తిండి. మందు మాత్రం కాదు.

పేరులో టమాటా ఉన్న సాసులన్నీ ఒకటి కావు. మాంసం కైమాతో చేసే బొలోనీజ్‌లో మాంసకృత్తులు, ఇనుముతో పాటు జంతువుల కొవ్వూ పెరుగుతుంది. మీగడ కలిపిన వోడ్కా సాసులో కొవ్వు మామూలు సాసుకు ఎన్నో రెట్లుంటుంది. పైన చెప్పిన అంకెలు మాంసం, మీగడ లేని సాదా 'మారినారా' తరహాకే చెల్లుతాయి.

చైనా భోజనం: ఇంట్లోనిది, పార్సెల్‌ది

చైనావారు భోజనాన్ని రెండు మాటల్లో చెబుతారు: 'ఫాన్', 'త్సాయ్'. ఫాన్ అంటే అన్నం, లేదా ఉత్తరాదిలో గోధుమ రొట్టెలు, నూడుల్స్. త్సాయ్ అంటే దానితో నంజుకునే కూర. అన్నం, కూర అనే మన లెక్కే. ఇంటి భోజనంలో ఎవరి గిన్నె అన్నం వారిది, కూరలు అందరికీ కలిపి మధ్యలో. మాంసం ముక్కలు సన్నగా తరిగి కూరగాయల్లో కలపడం, ఆకుకూరలను క్షణాల్లో వేయించడం, తోఫు, చేప, ఆవిరి వంట: ఇవీ వాడుక పద్ధతులు.

పోషకాల పరంగా ఈ వంటలో మెచ్చుకోదగ్గవి చాలా ఉన్నాయి. బోక్ చోయ్ అనే ఆకుకూరలో 100 గ్రాములకు 13 కిలోకేలరీలే, కాల్షియం మాత్రం 100 మిల్లీగ్రాములకు పైగా. పాలకూరలోలాగా దీంట్లో ఆక్సలేట్ల బెడద లేదు కనుక అందులోని కాల్షియంలో సగం దాకా ఒంటికి పడుతుంది. పాల నుంచి పట్టేది మూడో వంతు. గట్టి తోఫులో రకాన్ని బట్టి 8 నుంచి 17 గ్రాముల మాంసకృత్తులుంటాయి. భగభగ మండే పొయ్యి మీద రెండు మూడు నిమిషాల్లో దించే వంట కాబట్టి సి విటమిన్ చాలావరకు నిలుస్తుంది. సాసు వంట నిప్పును గంటల లెక్కన వాడి లైకోపీన్ తెచ్చుకుంటుంది, చైనా మూకుడు నిమిషాల లెక్కన వాడి విటమిన్ నిలుపుకుంటుంది.

ఇప్పుడు రెండో చైనా. అమెరికా చైనీస్ హోటళ్లలో అతి ప్రసిద్ధమైన 'జనరల్ త్సో చికెన్' చరిత్రే దీనికి మంచి ఉదాహరణ. హునాన్‌లో పుట్టి తైవాన్‌లో స్థిరపడిన వంటవాడు పెంగ్ చాంగ్-క్వేయ్ 1950లలో దీన్ని సృష్టించాడు. 19వ శతాబ్దపు సేనాని త్సో త్సోంగ్‌తాంగ్ పేరు పెట్టాడు గానీ, ఆ సేనాని దీన్ని చూసింది లేదు, తిన్నది లేదు. మొదట్లో ఇది ఉప్పగా, కారంగా, పుల్లగా ఉండేది. 1970లలో న్యూయార్క్ చేరాక పిండిలో ముంచి నూనెలో వేయించి, చక్కెర పాకంలాంటి సాసు పట్టించడం మొదలైంది. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల్లో హోటల్ జనరల్ త్సో చికెన్ 100 గ్రాములకు దాదాపు 295 కిలోకేలరీలు. ఆరెంజ్ చికెన్ 260కి పైగా. అదే హోటల్లోని కుంగ్ పావో చికెన్ 130, కూరగాయల లో మెయిన్ నూడుల్స్ 120, గొడ్డుమాంసంతో కూరగాయలు 105 మాత్రమే. ఒకే కప్పు కింద రెండింతలకు మించిన తేడా. 'చైనా తిండి కొవ్వు పెంచుతుంది' అనే మాట పిండి పూసి వేయించిన ఒక వరుస వంటకాలకు సరిపోతుంది, మిగతావాటికి కాదు.

ఉప్పు లెక్క

పెద్దలు రోజుకు 5 గ్రాముల ఉప్పు, అంటే 2,000 మిల్లీగ్రాముల సోడియం, మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లోనూ ఉప్పు హద్దు 5 గ్రాములే. ఒక పెద్ద చెంచాడు సోయా సాసులో 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ఆ ఒక్క చెంచాతో రోజు కోటాలో దాదాపు సగం అయిపోతుంది.

ఇక్కడ పాఠకులు సాధారణంగా ఊహించని అంకె ఒకటుంది. 100 గ్రాముల లెక్కన చూస్తే సీసా టమాటా సాసులోనూ, హోటల్ కుంగ్ పావో చికెన్‌లోనూ సోడియం ఇంచుమించు ఒకటే: 400 మిల్లీగ్రాములకు అటూ ఇటూ. తేడా పళ్లెంలో వస్తుంది. సాసును ఎవరైనా అర కప్పు, అంటే 125 గ్రాములు, పోసుకుంటారు. చైనీస్ పార్సెల్ డబ్బా అరకిలోకు తక్కువుండదు, తెరిచాక మిగిల్చేవాళ్లూ తక్కువే. అమెరికాలోని వినియోగదారుల సంస్థ సెంటర్ ఫర్ సైన్స్ ఇన్ ది పబ్లిక్ ఇంటరెస్ట్ 2007లో హోటల్ వంటకాలను పరీక్షిస్తే ఒక ప్లేటు జనరల్ త్సో చికెన్‌లో సుమారు 1,300 కిలోకేలరీలు, 3,200 మిల్లీగ్రాముల సోడియం తేలాయి. ఒక్క పూటలో ఒకటిన్నర రోజుల ఉప్పు.

పాస్తా పక్షం వారు దీన్ని చూసి మురిసిపోనక్కర్లేదు. పాస్తా ఉడికించే నీళ్లలో గుప్పెడు ఉప్పు వేయడం, పైన పార్మెజాన్ చీజ్ తురమడం, పక్కన వెల్లుల్లి రొట్టె పెట్టుకోవడం సీసా చీటీ మీద కనబడని లెక్కలు. టమాటాకు మాత్రం ఒక మేలుంది. అందులోని పొటాషియం సోడియం ప్రభావాన్ని కొంత విరుస్తుంది. ఉత్తర చైనాలోని 600 పల్లెల్లో దాదాపు 21,000 మంది మీద జరిగి 2021లో ప్రచురితమైన ప్రయోగంలో, నాలుగో వంతు పొటాషియం క్లోరైడు కలిపిన ఉప్పు వాడినవారిలో పక్షవాతం 14 శాతం తగ్గింది.

చైనా రుచులు ఉప్పు లేకుండా నిలవవనే అనుమానాన్ని 2022లో వెలువడిన మరో ప్రయోగం తీర్చింది. బీజింగ్, షాంఘై, గ్వాంగ్జౌ, చెంగ్దూ నగరాల్లో రక్తపోటు ఉన్న 265 మందికి వారి వారి ప్రాంతపు వంటకాలనే సోడియం సగానికి తగ్గించి, పీచు, పొటాషియం పెంచి 28 రోజులు వడ్డించారు. మామూలు తిండి తిన్నవారితో పోలిస్తే పై రక్తపోటు 10 పాయింట్లు ఎక్కువగా తగ్గింది. రుచి విషయంలో తినేవారు పెద్దగా ఫిర్యాదు చేయలేదు.

అజినమోటో అపవాదు

చైనా వంట మీద ఉన్న పాత నింద మోనోసోడియం గ్లూటమేట్. మన ఫాస్ట్‌ఫుడ్ బండ్ల భాషలో టేస్టింగ్ సాల్ట్. దీన్ని కనుగొన్నది చైనావారు కాదు. జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునాయె ఇకెదా 1908లో సముద్రపు నాచు చారులోని రుచికి మూలమేమిటో వెతికి, గ్లూటమిక్ ఆమ్లాన్ని వేరుచేసి, ఆ రుచికి 'ఉమామి' అని పేరు పెట్టాడు. మరుసటి ఏడాదే అది అజినమోటో పేరుతో అమ్మకానికి వచ్చింది. 1968లో వైద్యుడు రాబర్ట్ హో మాన్ క్వాక్, చైనీస్ హోటల్లో తిన్నాక మెడ తిమ్మిరి, నీరసం, గుండెదడ వస్తున్నాయని ఒక వైద్య పత్రికకు ఉత్తరం రాశాడు. వంట సారాయి, ఉప్పు, సోయా సాసులతో పాటు గ్లూటమేట్‌నూ అనుమానితుల్లో చేర్చాడు. పత్రిక ఆ ఉత్తరానికి 'చైనీస్ రెస్టారెంట్ సిండ్రోమ్' అని శీర్షిక పెట్టింది. ఆ పేరు అర్ధ శతాబ్దం పాటు ఒక జాతి వంటను వదల్లేదు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ కోరగా 1995లో వచ్చిన నివేదిక, ఏ తిండీ లేకుండా ఒకేసారి 3 గ్రాములు, అంతకు మించి పుచ్చుకున్న కొందరిలో మాత్రం తాత్కాలికమైన స్వల్ప లక్షణాలు రావచ్చంది. వంటకంలో ఒకరి వాటాకు పడేది సాధారణంగా అర గ్రాము లోపే.

ఇందులో వినోదమేమిటంటే, టమాటా సాసు రుచి రహస్యం కూడా అదే గ్లూటమేట్. 100 గ్రాముల పండిన టమాటాలో 150 నుంచి 250 మిల్లీగ్రాముల దాకా స్వేచ్ఛా గ్లూటమేట్ సహజంగానే ఉంటుంది. కాయ పండేకొద్దీ పెరుగుతుంది. పార్మెజాన్ చీజ్‌లో 1,000 మిల్లీగ్రాములు దాటుతుంది. చైనీస్ తింటే తలనొప్పి వస్తుందని చెప్పేవారు చీజ్ తురిమిన పాస్తా సుఖంగా తినేస్తారు. శరీరానికి ఆ రెండు గ్లూటమేట్ల మధ్య తేడా తెలియదు.

ఇంకో ముచ్చట కెచప్‌ది. ఆ మాట దక్షిణ చైనాలోని హొక్కియెన్ భాషలో చేపల ఊరుపు రసానికి ఉన్న పేరు నుంచి వచ్చిందన్నది భాషావేత్తల్లో ఎక్కువమంది మాట. అది ఇంగ్లీషు నావికులతో తిరిగి తిరిగి 19వ శతాబ్దపు అమెరికాలో టమాటాను చేరింది. నేడు చాలా హోటళ్లలో 'స్వీట్ అండ్ సోర్' వంటకాల ఎరుపు ఆ కెచప్‌దే.

ఒక పూట లెక్క

ఇంటి వంటతో ఇంటి వంటను పోల్చితే ఏం తేలుతుందో చూద్దాం. చైనా ఇళ్లలో పిల్లలు మొదట నేర్చుకునే కూర టమాటా-గుడ్డు వేపుడు. రెండు గుడ్లు, 200 గ్రాముల టమాటా, పెద్ద చెంచాడు నూనె, 200 గ్రాముల అన్నం కలిపితే సుమారు 560 కిలోకేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు. మరోవైపు 200 గ్రాముల ఉడికిన పాస్తా, అర కప్పు సాసు, చిన్న చెంచాడు ఆలివ్ నూనె, 10 గ్రాముల పార్మెజాన్ వేస్తే 460 కిలోకేలరీలు, 17 గ్రాముల మాంసకృత్తులు. నూనె సుమారు 80 కేలరీలు పెంచింది, గుడ్డు మంచి మాంసకృత్తులు తెచ్చింది. అంతకు మించి వీటి మధ్య చెప్పుకోదగ్గ ఎడం లేదు. నూనెలో మగ్గిన టమాటా కనుక లైకోపీన్ రెండు పళ్లాల్లోనూ ఉంది. గోధుమ రవ్వతో గట్టిగా తయారైన పాస్తా తెల్లన్నం కంటే నిదానంగా అరిగి రక్తంలో చక్కెరను మెల్లగా పెంచుతుంది. మధుమేహం ఉన్నవారికి ఇది పాస్తా పక్షాన పడే ఒక మార్కు. తోఫు, ఆకుకూర తోడైతే చైనా పళ్లెం ముందుకు పోతుంది. సాసొక్కటే పోసుకున్న పాస్తాలో పప్పో మాంసమో లేని లోటు తెలుస్తూనే ఉంటుంది.

పాత్ర సంగతి కూడా లెక్కలోకి వస్తుంది. 1986లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో స్పగెట్టి సాసును ఇనుప పాత్రలో వండితే 100 గ్రాములకు 0.6 మిల్లీగ్రాములున్న ఇనుము 5.7కు పెరిగింది. టమాటా పులుపు, ఎక్కువసేపు ఉడకడం దీనికి కారణాలు. చైనా మూకుడూ ఇనుముదే అయినా, పులుపు లేని రెండు నిమిషాల వేపుడుకు అంత ఇనుము దిగదు.

తెలుగు ఊళ్ల 'చైనీస్'

మన సాయంత్రపు బండ్ల మీద దొరికేది మూడో చైనా. కోల్‌కతాలో స్థిరపడిన చైనా కుటుంబాల చేతుల్లో ఇది రూపు దిద్దుకుంది. అక్కడే పుట్టిన నెల్సన్ వాంగ్ 1975లో ముంబయి క్రికెట్ క్లబ్‌లో చికెన్ మంచూరియన్ చేశాడని ప్రసిద్ధి. అందులో పచ్చిమిర్చి, అల్లం, వెల్లుల్లి మనవి, సోయా సాసు, మొక్కజొన్న పిండి చైనావి. గోబీ మంచూరియాలో కాలీఫ్లవర్ ఉన్నంత మాత్రాన దాన్ని కూరగాయల పద్దులో రాయకూడదు. మైదా, కార్న్‌ఫ్లోర్ పట్టించి, మరిగి మరిగి నల్లబడిన నూనెలో వేయించి, మళ్లీ సాసుల్లో దొర్లించాక కూరగాయ వాటా తక్కువే మిగులుతుంది. కర్ణాటక ప్రభుత్వం 2024 మార్చిలో గోబీ మంచూరియాలో కృత్రిమ రంగుల వాడకాన్ని నిషేధించింది. ఎర్రగా మెరిసే ప్లేటును చూసి ఆ ఎరుపు టమాటాదో మిరపకాయదో అనుకోవడం అమాయకత్వం.

బండి మీద తినేవారు సోయా సాసు తగ్గించమనీ, టేస్టింగ్ సాల్ట్ కంటే ముందు మామూలు ఉప్పు తగ్గించమనీ అడగడం ఉత్తమం. గ్లూటమేట్‌లో సోడియం 12 శాతమే, ఉప్పులో 39 శాతం.

జాగ్రత్తలు

గోధుమ పడని సీలియాక్ జబ్బు ఉన్నవారికి గోధుమ పాస్తా ఎలాగూ కూడదు. సోయా సాసులోనూ సాధారణంగా గోధుమ ఉంటుందని చాలామందికి తెలియదు. కూరగాయల నూడుల్స్‌లో వేసే ఆయిస్టర్ సాసు ఆల్చిప్పల నుంచి తీసింది, అసలు పార్మెజాన్ తయారీలో దూడ కడుపులోని ఎంజైము వాడతారు కనుక శాకాహారులు రెండు చోట్లా విచారించుకోవాలి. పుల్లని తేన్పులు, గుండెమంట ఉన్నవారిలో కొందరికి టమాటా సాసు రాత్రిపూట బాధ పెంచుతుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారు మాత్రం టమాటా సాసునూ, సోడియం తక్కువని అమ్మే పొటాషియం ఉప్పునూ వైద్యుణ్ని అడగకుండా వాడరాదు. మిగతావారికి మేలు చేసే పొటాషియం వారి రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది.